తోకచక్రపు విమానము: నేలమీది నడక

విజయవాడ నుండి ఏలూరు పోవు రహదారి ప్రక్కన, పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున గన్నవరము విమానాశ్రయము కలదు. ఇది రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికావసరములకై వినియోగింపబడి, పిమ్మట పౌర విమానాశ్రయముగా మారినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. యుద్ధము ఎక్కడో బర్మాలో కాదు, మన వాకిటనే ఉన్నదని ఆనాడు తీరవాసులందరికిని తెలిసివచ్చినది. తాడేపల్లిగూడెము, దొనకొండ మొదలగు చోట్ల రన్‌వేలు వెలసినదియు ఆ యుద్ధకాలముననే.

గన్నవరపు రన్‌వే రెండు కొనలకును 08, 26 అను అంకెలు గలవు. వీటి చివర ఒక్కొక్క సున్న చేర్చినచో ఆ బాట ఏ దిక్కునకు చూచుచున్నదో డిగ్రీలలో తెలియును. ఉత్తరమును 0 గాను, తూర్పును 90 గాను లెక్కించుటలో 80 అనగా దాదాపు తూర్పు, 260 అనగా దాదాపు పడమర. బాట తూర్పు పడమరలుగా ఉన్నదని చెప్పినను తప్పులేదు. తొలకరితో మొదలై వీచు పడమటి గాలికి ఇది చక్కగా సరిపోవును. గాలి 270 డిగ్రీల నుండి గంటకు 30 కిలోమీటర్ల వేగముతో వీచినను, బాటకు అడ్డముగా తగులు భాగము సుమారు 5 కిలోమీటర్లు మాత్రమే. కాని ఫాల్గుణ చైత్రములలో వీచు దక్షిణపు గాలి సంగతి వేరు. దానినే కవులు మలయమారుతమని కొనియాడిరి; డెల్టా పల్లెలలో సాయంకాలము వీధి అరుగులపై కూర్చుండువారికి అది ప్రాణము లేచివచ్చునట్టి గాలి. ఆ గాలి గంటకు 20 కిలోమీటర్ల వేగముతో వచ్చినను, దాదాపు అంతయు బాటకు అడ్డముగానే తగులును.

నేటి విమానమునకు ఇది పెద్ద చిక్కు కాదు. ఆ కాలపు విమానములకు మాత్రము ఇట్టి గాలి నేలమీదనే పరీక్ష పెట్టెడిది. అప్పటి విమానములలో అధికభాగము తోకమీద కూర్చుండునవి. ముందు రెండు పెద్ద చక్రములు, వెనుక తోకక్రింద ఒక చిన్న చక్రమో, ఇనుప ఊతమో ఉండెడివి. ముక్కు ఆకాశము వైపు, తోక నేలవైపు ఉండగా ఆ విమానము నిలుచు తీరును పాత చిత్రములలో చూడవచ్చును. అట్టి విమానమును తిన్నగా నేలపై నడుపుట ఒక విద్య. ఎగురుట సులభముగా నేర్చినవారుకూడ దానిని నేర్చుటకు శ్రమపడిరి. విమానము రన్‌వేకు పోవుటకును, దిగిన పిదప తిరిగి వచ్చుటకును నేలమీద చేయు ఈ నడకను పైలట్లు ట్యాక్సీ చేయుట అందురు. ఆ నడకలో విమానము ఉన్నట్లుండి అదుపు తప్పి బొంగరము వలె గిర్రున తిరుగుటను గ్రౌండ్ లూప్ అందురు. తెలుగులో నేలమీది గిరికీ అనవచ్చును. గిరికీ కొట్టిన విమానము రెక్క కొన నేలను రాచుకొనును, చక్రపు కాలు విరుగును, ప్రొపెల్లరు వంగును. మనుష్యులకు గాయములు కాకపోయినను యంత్రము పనికిరాకుండ పోవును.

ఈ చిక్కు విమానముతోపాటు పుట్టినది కాదు. రైట్ సోదరుల 1903 నాటి విమానమునకు అసలు చక్రములే లేవు; అది పట్టాపై నుండి లేచి, చెక్క బద్దలపై జారుచు దిగెడిది. 1908లో అమెరికాలో గ్లెన్ కర్టిస్ నడిపిన జూన్ బగ్ అను విమానమునకు మూడు చక్రములుండెను. వాటిలో ఒకటి ముక్కుక్రింద నుండెను. అనగా నేడు సర్వత్ర కనబడు అమరికయే మొదట వచ్చినదన్నమాట. తరువాత అది వెనుకబడి, తోకమీది కూర్చుండుట ముందునకు వచ్చినది. దీనికి తగిన కారణములే ఉన్నవి. ముక్కుక్రింది చక్రము గతుకుల నేలపై గుంటలో పడినచో దాని కాలు విరుగును. అది విరుగకుండవలెనన్న గట్టిగా, బరువుగా చేయవలెను. ఆనాటి బలహీనమైన ఇంజనులు ఆ అదనపు బరువును మోయలేవు. తోకక్రింద ఒక చిన్న ఊతము పెట్టినచో బరువు తగ్గును, ముక్కు పైకెత్తియుండుటచేత పెద్ద ప్రొపెల్లరు గడ్డికి తగులదు. మొదటి ప్రపంచయుద్ధము నాటికి ఇదే సర్వసాధారణమైనది.

ఆనాటి విమానాశ్రయము సంగతికూడ తలపునకు తెచ్చుకొనవలెను. అప్పుడు రన్‌వే లేదు. ఉన్నది విశాలమైన గడ్డి మైదానము. గాలి ఎటునుండి వచ్చిన అటు ముఖము పెట్టి లేచుట, అటు ముఖము పెట్టియే దిగుట. అడ్డగాలి అను మాటకు తావులేదు. తోకక్రింది ఇనుప ఊతము నాగలి కర్రువలె నేలను గీచుకొనుచు పోయెడిది. ఆ గీతయే దానికి బ్రేకు, ఆ గీతయే దానికి లంగరు. తోక ప్రక్కకు తిరుగబోయినను గడ్డినేల దానిని పట్టి నిలిపెడిది. గాలి హెచ్చుగానున్న దినమున ఇద్దరు మనుష్యులు చెరియొక రెక్క కొనను పట్టుకొని ప్రక్కనే నడిచెడివారు. విమానములోనే దాగియున్న ఒక దోషమును గడ్డియు, కర్రును, మనుష్యుల చేతులును కలిసి ఇరువది సంవత్సరముల పాటు కప్పిపుచ్చినవి.

ఆ దోషమేమో తెలియుటకు డెల్టా ప్రాంతపు బండిని చూచిన చాలును. కాలువ వంతెనలకు ఎక్కుదారులు ఏటవాలుగా నుండుట అందరు నెరిగినదే. బస్తాలు వేసిన రెండెడ్ల బండి ఆ దారిలో ముందునకు దిగునపుడు, బరువు కొంత కాడివైపు ఉన్నచో, నొగలు తిన్నగా దారి వెంటనే పోవును. అదే బండి ఎక్కలేక వెనుకకు జారినచో ఏమగును? నొగలు ప్రక్కకు తిరుగును. ఎడ్లు ఎంత నిలద్రొక్కుకొనినను బండి అడ్డము తిరిగి, తుదకు గట్టు మీదకో, కాలువలోకో పోవును. రెండింటిలోను బండి ఒకటే, బరువు ఒకటే. భేదమెక్కడ? మొదటి సందర్భమున బరువు ఇరుసుకు ముందున్నది. రెండవ సందర్భమున, పోవు దిశను బట్టి చూచినచో, బరువు ఇరుసుకు వెనుకనున్నది.

తోకచక్రపు విమానము ఎప్పుడును వెనుకకు జారుచున్న బండియే. అది తోకపై కూర్చుండవలెనన్న దాని గరిమనాభి, అనగా బరువంతయు కేంద్రీకరించినట్లు భావించు చోటు, పెద్ద చక్రముల ఇరుసుకు వెనుకనే ఉండి తీరవలెను. లేనిచో ముక్కుపై పడును. విమానము తిన్నగా పోవుచుండగా ఏ కారణముచేతనో ముక్కు కొంచెము కుడికి తిరిగినదనుకొందము. చక్రములు కుడికి పోవ యత్నించును. జడత్వముచేత బరువు మాత్రము మునుపటి దారినే పోవ యత్నించును. బరువు వెనుకనుండుటచే అది తోకను ఎడమకు త్రోయును. తోక ఎడమకు పోయినకొలది ముక్కు ఇంకను కుడికి తిరుగును. తిరిగినకొలది త్రోపు హెచ్చును. ఒక తప్పు దానంతటది సరియగుటకు బదులు దానంతటది పెరుగును. ముక్కుచక్రపు విమానమున బరువు పెద్ద చక్రములకు ముందుండుటచే ఇదే త్రోపు విమానమును తిరిగి దారిలో పెట్టును. భేదమంతయు కొన్ని అంగుళములలో నున్నది.

ఈ త్రోపు వేగముతోపాటు పెరుగు తీరు గమనింపదగినది. ఒకే వంపులో తిరుగునపుడు ప్రక్కకు నెట్టు బలము వేగపు వర్గమును బట్టి యుండును. మనిషి నడకవంటి గంటకు 5 కిలోమీటర్ల వేగమున ఉన్న త్రోపు, గంటకు 20 కిలోమీటర్ల వేగమున నాలుగింతలు కాదు, పదునారింతలగును. శిక్షకులు ప్రతి విద్యార్థికిని మొట్టమొదట చెప్పు మాట “మనిషి నడకను మించవద్దు” అనుటలోని రహస్యమిదియే. నెమ్మదిగా పోవునపుడు తప్పు జరిగినను దిద్దుకొనుటకు వ్యవధి యుండును.

మరియొక చిక్కు చుక్కానిలో ఉన్నది. కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా కాలువలలో పడవల రాకపోకలు పెరిగినవి. ఆ పడవలవారికి తెలిసిన సత్యమొకటి కలదు: నీరు చుక్కానిని ఒరసికొని పోవునంత వరకే దానికి బలము. పడవ నిలిచిన పిదప చుక్కానిని ఎటు త్రిప్పినను ఫలము లేదు, గడ పట్టవలసినదే. విమానపు తోకకున్న చుక్కానియు అంతే. గాలిలో దానికి పూర్తి బలము గలదు. నేలపై నెమ్మదిగా నడుచునపుడు ప్రొపెల్లరు వెనుకకు త్రోయు గాలి మాత్రమే దానికి ఆధారము. కావున పైలట్టు ఒక విచిత్రమైన స్థితిలో చిక్కుకొనును. వేగము తగ్గించినచో చుక్కాని బలహీనమగును, వేగము పెంచినచో త్రోపు బలపడును. అనుభవజ్ఞులు కనుగొన్న ఉపాయమేమనగా, చుక్కానిని ముందుగా త్రొక్కి, క్షణకాలము మాత్రము ఇంజనుకు బలమిచ్చి వెంటనే తగ్గించుట. ఆ ఒక్క గాలిపెట్టు చుక్కానికి తగిలి తోకను త్రిప్పును; అంతలో విమానము వేగమందుకొనదు. దీనిని పెద్దగా చెప్పుకొనువారు లేరు గాని, తోకచక్రపు విమానమును నడిపినవారందరి కాళ్ళలోను, చేతులలోను ఉన్న విద్య ఇదియే.

మన దేశమున ఈ విద్యకు పాఠశాలగా నిలిచినది టైగర్ మాత్ విమానము. ఇంగ్లండులోని డి హావిలాండ్ సంస్థ నిర్మించిన ఈ జంట రెక్కల విమానము 1931 అక్టోబరు 26న మొదటిసారి ఎగిరినది. 130 అశ్వశక్తి గల ఇంజను, 29 అడుగుల రెక్క, తోకక్రింద ఇనుప ఊతము, బ్రేకులు లేవు. ఇట్టివి 8 వేలకు పైగా తయారైనవి. యుద్ధకాలమున హైదరాబాదు నగరపు బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడచినది. జోధ్‌పూర్‌లోను అట్టిదే ఉండెను. భారత వైమానిక దళమున చేరిన యువకులు ఈ పాఠశాలలలో టైగర్ మాత్‌పై ఓనమాలు దిద్ది, పిదప అంబాలా వెళ్ళి బలమైన హార్వర్డు విమానములను నడిపెడివారు. హార్వర్డు గిరికీలకు పేరుమోసినది. టైగర్ మాత్‌పై కాళ్ళు చురుకుగా ఆడించుట అలవాటు కానివాని లోపము అచ్చట వెంటనే బయటపడెడిది.

టైగర్ మాత్‌లో విద్యార్థి వెనుక గూటిలో కూర్చుండును. ముందు ఇంజను పైకెత్తియుండుటచే ఎదుట నున్నది కనబడదు. అందుచేత తిన్నగా పోరాదు, పాము నడచినట్లు వంకరలు తిరుగుచు పోవలెను. కుడికి తిరిగినపుడు ఎడమప్రక్క నుండియు, ఎడమకు తిరిగినపుడు కుడిప్రక్క నుండియు ముందు దారి చూచుకొనవలెను. చూడకుండ ఆగియున్న మరియొక విమానముపైకి పోయినవారు అన్ని దేశములలోను కలరు. కాని ఆ వంకరలే అపాయమునకును నాంది. ప్రతి వంకరయు ఒక చిన్న గిరికీకి మొదలు. దానిని మొదలుపెట్టుటకంటె ఆపుట కష్టము. అందుచేత తిరుగుడు పూర్తి కాకముందే ఎదురు చుక్కాని త్రొక్కవలెనని నేర్పెడివారు. పై రెక్క అంచున ఉండు చిన్న పలకలను, గాలి తాకిడికి అవి తెరచుకొని కొట్టుకొనకుండ, నేలపై నడుచునపుడు బిగించి ఉంచవలెననుటయు పాఠములో చేరినదే.

ఇక రన్‌వే వచ్చినది. యుద్ధపు బరువైన విమానములకు గడ్డి మైదానము చాలలేదు. నల్లరేగడి నేల తడిసినచో చక్రము దిగబడును, ఎండినచో బీటలు వారును. కంకర వేసి, సిమెంటో తారో పోసిన గట్టి బాట తప్పనిసరియైనది. ఈ బాటతో పాత ఏర్పాటంతయు తలక్రిందులైనది. గట్టి నేలపై ఇనుప ఊతము పట్టు దొరకక జారును, నిప్పురవ్వలు లేపుచు అరిగిపోవును. దానికి బదులు చక్రము పెట్టిరి. చక్రము నలుదిక్కుల తిరుగునది కావున తోకకు పూర్వమున్న లంగరు పోయినది. బాట ఒకే దిక్కున ఉండుటచే అడ్డగాలి వచ్చినది. గడ్డి మెత్తగా జారనిచ్చిన చక్రములను సిమెంటు గట్టిగా పట్టుకొనుటచే త్రోపు ఇంకను కఠినమైనది. గడ్డి దాచిన దోషము బయటపడినది. గిరికీని పైలట్టు చేతకానితనముగా లెక్కించుట ఆ రోజులలో పరిపాటి. అది పూర్తిగా న్యాయము కాదు. విమానము మారలేదు, నేల మారినది.

దీనికి ఎంతటి ప్రసిద్ధులును అతీతులు కారు. అమెరికా వనితా వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్ 1937లో భూప్రదక్షిణకు పూనుకొని, మార్చి 20న హవాయి దీవులలోని ల్యూక్ ఫీల్డ్ నుండి బయలుదేరుచుండగా, ఆమె జంట ఇంజనుల ఎలక్ట్రా విమానము బాటపై ప్రక్కకు తిరిగి గిరికీ కొట్టినది. చక్రపు కాళ్ళు విరిగినవి. ఎవరికిని గాయములు కాలేదు గాని, విమానమును ఓడలో కాలిఫోర్నియాకు పంపి బాగుచేయవలసివచ్చినది. టైరు పగిలినదని కొందరు, ఇంజనుల బలము సమముగా లేదని కొందరు చెప్పిరి; వాదము తెగలేదు. ఆమె ప్రయాణపు దిశనే మార్చి, పడమరకు బదులు తూర్పుగా, జూన్‌లో కరాచీ మీదుగా కలకత్తా చేరినది. అచ్చట నుండి వానకు నానిన మైదానముపై కష్టముతో లేచినది. జులై 2న పసిఫిక్ సముద్రముపై ఆమె విమానము జాడ తెలియకుండ పోయినది.

బలమైన గాలిలో తోక లేచిపోకుండ మనుష్యులు దానిపై కూర్చుండుటకూడ ఆ కాలపు వాడుకయే. 1945లో ఇంగ్లండులోని హిబాల్డ్‌స్టో మైదానమున మార్గరెట్ హార్టన్ అను మెకానిక్ అట్లే ఒక స్పిట్‌ఫైర్ విమానపు తోకపై కూర్చుండెను. ఆమె దిగుటకు ఆగవలసిన పైలట్టు ఆ సంగతి మరచి విమానమును లేపెను. తోక బరువుగా నున్నదేమని ఆశ్చర్యపడుచు అతడు చుట్టు తిరిగి దిగువరకు ఆమె చుక్కాని మొదలును కౌగిలించుకొని యుండెను. క్షేమముగా దిగెను. విన్నవారికి నవ్వు వచ్చును గాని, నేలపై గాలికి తోక ఎంత తేలికయో ఈ ఒక్క సంఘటన చెప్పుచున్నది.

నేలపై నిలిచిన విమానమునకు గాలి ఎగురుటకు తోడ్పడు మిత్రము కాదు. రెక్కను లేపవలెననియు, తోకను త్రోయవలెననియు అది ఎల్లప్పుడు చూచుచుండును. తోకపై నున్న నిలువు పలక గాలికోడివలె పనిచేసి ముక్కును గాలివైపునకు త్రిప్పును. గన్నవరమున దక్షిణపు గాలిలో పడమరకు నడుచు విమానపు ముక్కు ఎడమకు, తూర్పునకు నడుచునది కుడికి తిరుగజూచును. రెండును దక్షిణపు చేలవైపే పోజూచునన్నమాట. దీనికి విరుగుడుగా చేతిలోని దండమును ఎట్లు పట్టవలెనో ఒక నియమము ఏర్పడినది. గాలి ఎదురుగానో, ఎదురు ప్రక్కనుండియో వచ్చునపుడు దండమును వెనుకకు, గాలివైపునకు లాగి పట్టవలెను. అట్లు చేసినచో తోక నేలకు అదుముకొనును, గాలివైపు రెక్క లేవదు. గాలి వెనుకప్రక్క నుండి వచ్చునపుడు దండమును ముందునకు, గాలికి దూరముగా త్రోయవలెను. లేనిచో గాలి తోకపలక క్రింద దూరి దానిని ఎత్తివేయును. “ఎదురుగాలిలోనికి ఎక్కుము, వెనుకగాలి నుండి దూకుము” అని శిక్షకులు దీనిని సూత్రముగా చెప్పెడివారు.

ఇందులోను ఒక మెలిక కలదు. వెనుకగాలిలో దండము ముందునకు ఉండగా, పైన చెప్పిన ఉపాయము ననుసరించి ఇంజనుకు ఒక్కసారి బలమిచ్చినచో ప్రొపెల్లరు గాలి ఎదురునుండి తోకపలకకు తగులును. అప్పుడు ముందునకు త్రోసిన దండమే తోకను లేపి ముక్కును నేలకు కొట్టును. కావున గాలి బలమెంత, ప్రొపెల్లరు గాలి బలమెంత, ఏది గెలుచుచున్నది అని పైలట్టు క్షణక్షణము తూచుకొనవలెను. వెనుకగాలిలో ఇంకొక అపాయము: గాలి తానే విమానమును నెట్టి వేగము పెంచును, చుక్కానిని బలహీనపరచును. దక్షిణపు గాలి కొంచెము ఆగ్నేయమునకు మళ్ళిన వేళ పడమటి కొనకు నడుచు విమానమున ఈ రెండు కష్టములును కలియును.

బ్రేకులు వచ్చిన తరువాత పని తేలికయైనదని అనుకొనరాదు. కుడి, ఎడమ చక్రములకు వేరువేరుగా బ్రేకులుండుటచే తిరుగుట సులభమైనది. పడవవానికి గడ దొరికినట్లైనది. కాని బరువు ఇరుసుకు అంత దగ్గరగా నున్న విమానమున రెండు బ్రేకులు ఒక్కసారి గట్టిగా నొక్కినచో తోక లేచి, ప్రొపెల్లరు నేలను దున్నును. బ్రేకులతోనే త్రిప్పుటకు అలవాటుపడినవానికి అవి వేడెక్కి పట్టు తప్పిన దినమున ఇంకొక దారి తోచదు. అందుచేత మంచి శిక్షకులు మొదట చుక్కాని, పిదప ఇంజను, చిట్టచివర బ్రేకు అను క్రమమును పాటింపజేసిరి. తోకచక్రమును చుక్కానికి స్ప్రింగులతో కలుపుట, తిన్నగా పోవునపుడు దానిని బిగించివేయుట మొదలగు ఏర్పాట్లు క్రమముగా వచ్చినవి. కెనడాలో నిర్మింపబడిన టైగర్ మాత్‌లకు ఊతమునకు బదులు తోకచక్రము, బ్రేకులు మొదటినుండియే అమర్చిరి.

తోకచక్రపు విమానములలో పెద్దన్న డకోటా. 95 అడుగుల రెక్క, రెండు ఇంజనులు, ఒక్కొక్కటి 1200 అశ్వశక్తి. 1945లో హైదరాబాదు ప్రభుత్వము, టాటా సంస్థ కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రముగా ఈ విమానములను నడిపినది. మన దేశమున మొదటి వాణిజ్య మహిళా పైలట్టు ప్రేమ్ మాథుర్ చేరినదియు ఈ సంస్థలోనే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థలో విలీనమైనది. డకోటాను త్రిప్పుటకు పైలట్టుకు ఒక అదనపు సాధనము గలదు: ఒక ఇంజను బలము పెంచి, రెండవదాని బలము తగ్గించుట. తోకచక్రమును గూటినుండియే ఒక మీటతో బిగింపవచ్చును. తిరుగబోవుచు మీట వదలుట మరచినచో బిగింపు విరుగును; బాటపైకి వచ్చి బిగించుట మరచినచో అడ్డగాలి దానిని ప్రక్కకు లాగును. ప్రయాణికులు కిటికీనుండి చేలను చూచుచున్న ఆ కొద్ది నిమిషములలో ముందు కూర్చున్న ఇద్దరి కాళ్ళు ఒక్క క్షణము విశ్రాంతి నెరుగవు.

స్వతంత్ర భారతమున తయారైన శిక్షణ విమానములును ఈ వంశమునకు చెందినవే. డాక్టరు వి. ఎం. ఘాట్గే రూపకల్పన చేసిన హెచ్‌.టి.-2 విమానము 1951 ఆగస్టులో బెంగుళూరున మొదటిసారి ఎగిరి, వైమానిక దళమున టైగర్ మాత్ స్థానము నాక్రమించినది. దానికి బ్రేకులును, తోకచక్రమును గలవు. 1958లో ఎగిరిన పుష్పక్, 90 అశ్వశక్తి గల చిన్న విమానము, దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులకు పంచిపెట్టబడినది, దానిదియు తోకచక్రమే. ఆ విధముగా మూడు తరముల పైలట్లు నేలమీది నడకనే తొలి పాఠముగా నేర్చిరి.

చివరకు చిక్కు తీరినది పైలట్టు నేర్పుచేత కాదు, ఇంజనీరు చేతనే. అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థలో పనిచేసిన ఫ్రెడ్ వీక్ 1934లో డబ్ల్యు-1 అను ఒక చిన్న విమానమును నిర్మించి, కర్టిస్ విడిచిన ముక్కుచక్రమును తిరిగి తెచ్చెను. బరువు పెద్ద చక్రములకు ముందుండునట్లు అమర్చినచో విమానము వంకరగా దిగినను తనంతట తానే తిన్నబడునని చూపెను. 1937లో వచ్చిన ఎర్‌కూప్ విమానము ఆ మార్గముననే నడచినది. గతుకుల నేలకు భయపడి పూర్వులు విడిచిన అమరికను గట్టి బాటలు మరల సాధ్యము చేసినవి. చిక్కు తెచ్చిన సిమెంటే దానిని తీర్చుటకును ఆధారమైనది. 1942లో ఎగిరిన డగ్లస్ సంస్థవారి నాలుగు ఇంజనుల డి.సి.-4 ముక్కుచక్రముతో వచ్చినది. 1956లో సెస్నా సంస్థ తన 170వ నమూనాకు ముక్కుచక్రము పెట్టి 172 అను పేరుతో అమ్మనారంభించినది. కొద్ది కాలములోనే కొనువారందరును దానివైపు మళ్ళిరి. మన దేశమున 1977 జనవరి 6న ఎగిరిన దీపక్ విమానము హెచ్‌.టి.-2కు వారసురాలై ముక్కుచక్రమును తెచ్చినది. హైదరాబాదు సమీపమున దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 2013 నుండి వాడుకలోనున్న పిలాటస్ విమానములకును ముక్కుచక్రమే.

పాత విద్య పూర్తిగా అంతరించలేదు. గతుకుల నేలపై, అడవి మైదానములలో దిగు చిన్న విమానములు నేటికిని ప్రపంచమున పలుచోట్ల తోకచక్రముతోనే తయారగుచున్నవి. 2018లో భారత వైమానిక దళము పరశురామ అను పేరుతో ఒక డకోటాను తిరిగి తన స్మారక శ్రేణిలో చేర్చుకొన్నది. దానిని నడుపుటకు ఎంపికైన పైలట్లు, జెట్ విమానములలో ఎంత అనుభవము గడించినవారైనను, నేలమీద కాళ్ళతో నడుపుటను క్రొత్తగా నేర్చుకొనవలసినదే.